గాలి ఎదురైతే తెరచాప ఓడ ఏం చేసేది? 200 ఏళ్ళ నాటి బొంబాయి టేకు ఓడ ఇంకా ఎలా తేలుతోంది?

ప్రశ్న అడిగినవారు రెండు విషయాలు కలిపి అడిగారు. 1800 ప్రాంతంలో ఇంజను లేని ఓడలు గాలి ఎదురొస్తే ఆగిపోయేవా, లేక ఎలాగోలా ముందుకు వెళ్ళేవా అన్నది మొదటిది. బొంబాయిలో టేకుతో కట్టిన ఓడ ఒకటి ఇంగ్లాండులో ఇప్పటికీ నీళ్ళ మీద ఉందని ఎవరో చెప్పారట, అది నిజమేనా, నిజమైతే చెక్క ఓడ అన్నేళ్ళు ఎలా నిలిచింది అన్నది రెండోది. పైన ఒకరు "టేకుకి పురుగు పట్టదు, అంతే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సగం నిజమే కాబట్టి, కొంచెం ఓపిగ్గా రాస్తాను.

నేను 31 ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజను విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. మాది తాళ్ళరేవు వైపు. మా తాతగారు తెరచాప దోనీ మీద సరంగు. అంటే నేను ఇంజను మనిషిని, ఆయన గాలి మనిషి. చిన్నప్పుడు ఆయన చెప్పినవి అప్పట్లో సరిగ్గా ఎక్కలేదు, సముద్రం మీద ఉద్యోగం చేశాక ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చాయి.

ముందు గాలి సంగతి. చాలామంది అనుకునేది ఏమిటంటే గాలి వెనక నుంచి తెరచాపని నెడుతుంది, ఓడ ముందుకు వెళ్తుంది, గాలి వెనక నుంచి లేకపోతే పని అయిపోయినట్టే అని. అలా కాదు. సీతాఫలం గింజ నోట్లోంచి తీసి తడిగా ఉండగానే రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కండి. మీ వేళ్ళు నొక్కేది పక్కల నుంచి, గింజ ఎగిరేది ముందుకి. తెరచాప ఓడ కూడా అంతే. గాలి ఒక పక్క నుంచి తెరచాపని నొక్కుతుంది, ఓడ పక్కకి జారబోతుంది, కానీ నీళ్ళలో మునిగి ఉన్న పొడవాటి అడుగుదూలం, ఓడ పొట్ట కలిసి అలా పక్కకి జారకుండా అడ్డుకుంటాయి. గాలి ఒక వేలు, నీళ్ళు ఇంకో వేలు. మధ్యలో ఓడకి మిగిలిన దారి ముందుకే. దీనికి తోడు తెరచాప వంపుగా ఉంటే దాని మీద గాలి పారే తీరు విమానం రెక్క మీద పారినట్టే ఉండి, ఆ వంపు వైపుకి లాగుతుంది కూడా.

అందుకని గాలి ఏటవాలుగా ముందు నుంచి వచ్చినా ఓడ ముందుకు వెళ్ళగలదు. నేరుగా గాలి ముఖంలోకి మాత్రం వెళ్ళలేదు, అది ఏ తెరచాపకీ సాధ్యం కాదు. కాబట్టి కొంతసేపు గాలికి ఎడమగా, కొంతసేపు కుడిగా, కొండ ఎక్కే ఘాట్ రోడ్డు మలుపులు తిరిగినట్టు వంకర దారిలో వెళ్ళేవారు.

ఇక్కడే ఒక పెద్ద తేడా ఉంది. మన దోనీ తెరచాప, చేపల పడవ తెరచాప ఓడ పొడవునా ఉంటుంది, దాన్ని గాలికి బాగా దగ్గరగా తిప్పుకోవచ్చు. 1800ల నాటి పెద్ద ఓడలది వేరే పద్ధతి. మాస్టుకి, అంటే తెరచాపలు కట్టే నిలువు స్తంభానికి, అడ్డంగా పెద్ద పెద్ద అడ్డకొయ్యలు, వాటికి వేలాడే నలుచదరపు తెరచాపలు. గాలి వెనకనో పక్క నుంచో ఉంటే వాటికి తిరుగులేదు. గాలికి ఎదురు వెళ్ళాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ అడ్డకొయ్యలు మాస్టుని పట్టి ఉంచే తాళ్ళకి తగిలి ఒక హద్దు దాటి తిరగవు. దిక్సూచి చుట్టుకొలతని అప్పట్లో 32 పాయింట్లుగా విడగొట్టేవారు, ఒక్కో పాయింటు పదకొండుంపావు డిగ్రీలు. మంచి ఓడ అయినా గాలి వచ్చే దిక్కు నుంచి 6 పాయింట్లు పక్కకి, అంటే 67 డిగ్రీల 30 నిమిషాల కోణంలో మాత్రమే వెళ్ళగలిగేది. దాదాపు అడ్డంగా వెళ్తున్నట్టే లెక్క.

కాగితం తీసుకుని లెక్క వేయండి, నేను వేశాను. ఆ కోణంలో ఓడ 10 మైళ్ళు పరిగెత్తితే గాలి వైపుకి నిజంగా దక్కేది 3.8 మైళ్ళు. అది కూడా ఓడ అసలు పక్కకి జారకపోతే. అడుగుదూలం ఎంత అడ్డుకున్నా కొంత జారుడు తప్పదు, దాన్ని ఒక్క పాయింటు అనుకుంటే 10 మైళ్ళ పరుగుకి మిగిలేది 2 మైళ్ళ లోపు. ఇంకో పాయింటు జారితే, గాలివానలో అంతకన్నా ఎక్కువే జారుతుంది, రోజంతా తాళ్ళు లాగి లాగి పొద్దున ఉన్న చోటే సాయంత్రం ఉంటారు, లేదా ఇంకా వెనక్కి పోతారు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి సూటి సమాధానం ఇది: వెళ్ళగలిగేవి, కానీ గిట్టుబాటయ్యేది కాదు. తప్పనప్పుడే ఆ పని చేసేవారు.

ఆ మలుపు తిప్పడం కూడా చుక్కాని తిప్పినంత మాత్రాన అయ్యేది కాదు. ఓడ ముందు భాగాన్ని మా తాతగారు అణియం అనేవారు, వెనక భాగాన్ని అమరం. అణియం గాలికి అడ్డంగా దాటి రెండో వైపుకి రావాలి. చుక్కాని తిప్పగానే ఓడ గాలి ముఖంలోకి తిరగడం మొదలెడుతుంది, తెరచాపలన్నీ పటపటా కొట్టుకుంటాయి, వేగం పడిపోతుంది. ముందు మాస్టు తెరచాపల్ని అలాగే ఉంచితే గాలి వాటి ఎదుటి వైపు నుంచి కొట్టి అణియాన్ని అవతలి వైపుకి నెడుతుంది. సరిగ్గా అణియం గాలిని దాటుతున్నప్పుడు మధ్య మాస్టు, వెనక మాస్టు అడ్డకొయ్యల్ని ఒక్కసారిగా తిప్పేయాలి. ఓడ అవతలి వైపు స్థిరపడ్డాక ముందు మాస్టువి తిప్పాలి. ఒక్కో అడ్డకొయ్య తాళ్ళ దగ్గర పదుల కొద్దీ మనుషులు సిద్ధంగా ఉంటారు, కెప్టెన్ గొంతు కోసం చెవులు రిక్కించుకుని. కొన్ని సెకన్లు ముందైనా తప్పే, ఆలస్యమైనా తప్పే. తప్పితే ఓడ గాలి ముఖంలో ఇరుక్కుని వెనక్కి నడవడం మొదలెడుతుంది, దగ్గర్లో రాళ్ళు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. సముద్రం మరీ పోటెత్తి ఉంటే ఈ మలుపు అసలు కుదరదు. అప్పుడు గాలికి వీపు చూపించి చుట్టూ తిరిగి రావాలి, సురక్షితమే గానీ కష్టపడి సంపాదించుకున్న ఆ రెండు మైళ్ళూ అందులో పోతాయి.

వేగం ఎలా కొలిచేవారని ఇంకొకరు మధ్యలో అడిగారు కదా, అది త్వరగా చెప్పేస్తాను. ఒక చెక్కముక్కకి తాడు కట్టి అమరం నుంచి నీళ్ళలో వేస్తారు. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకి ఒక ముడి. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారిపోతే గంటకి అన్ని నాటికల్ మైళ్ళు. ఈ రోజుకీ మేం ఓడ వేగాన్ని నాట్స్ అనే అంటాం. నాట్ అంటే ముడి, అదే ఈ ముడి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గాలికి ఎదురెళ్ళడం గిట్టదు కాబట్టి ఆ కాలం వాళ్ళు దారిని గాలి చేత గీయించుకున్నారు. ఇంగ్లాండు నుంచి ఇండియాకి రావాలంటే మ్యాపు చూసిన ఎవరైనా ఆఫ్రికా తీరం పట్టుకుని కిందికి వస్తే సరి అనుకుంటారు. అక్కడ గాలులు ఎదురు. అందుకని ఓడలు ఉత్తర అట్లాంటిక్ వ్యాపార పవనాల మీద దిగి, భూమధ్యరేఖ దాటి, బ్రెజిల్ తీరానికి దగ్గరగా వెళ్ళిపోయి, అక్కణ్ణించి ఇంకా కిందికి దిగి పడమటి గాలులు పట్టుకుని ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రం దాటేవి. ఆ తర్వాత నైరుతి రుతుపవనం ఉన్న నెలలు చూసుకుని ఇండియా వైపు ఎక్కేవి. అంతా కలిసొస్తే నాలుగైదు నెలలు, కలిసిరాకపోతే ఆరు, ఇంకా పైన. ఇండియాకి వెళ్ళే ఓడ బ్రెజిల్ దగ్గర ఏం చేస్తోందని ఎవరికైనా అనుమానం వస్తే, ఇదే కారణం.

ఈ బ్రెజిల్ దారి ఎందుకు చెప్పానంటే మీ రెండో ప్రశ్నలోని ఓడ కథ అక్కడే మొదలవుతుంది. ఆ ఓడ పేరు ట్రింకోమలీ. మీరు విన్నది నిజమే. 1817 అక్టోబరు 12న బొంబాయి డాక్‌యార్డులో నీళ్ళలోకి దించారు, ఈ రోజు ఇంగ్లాండు ఈశాన్య తీరంలో హార్టిల్‌పూల్ అనే ఊళ్ళో తేలుతూ ఉంది. దాన్ని కట్టమని బ్రిటిష్ నౌకాదళం 1812లో ఆర్డరు వేసింది. దాని నక్షాలు జావా అనే యుద్ధ ఓడలో బొంబాయికి పంపారు. బొంబాయిలో అప్పటికే కడుతున్న ఓడల అడుగుకి వేయాల్సిన రాగి రేకులు కూడా అదే ఓడలో ఉన్నాయి. జావా మామూలుగా అందరూ వెళ్ళే దారిలోనే బ్రెజిల్ దగ్గరికి చేరింది. అప్పుడు బ్రిటన్‌కీ అమెరికాకీ యుద్ధం నడుస్తోంది. 1812 డిసెంబరు 29న బాహియా తీరానికి దూరంగా అమెరికా వాళ్ళ కాన్‌స్టిట్యూషన్ అనే ఫ్రిగేట్ (వేగంగా వెళ్ళే మధ్యరకం యుద్ధ ఓడ) ఎదురుపడింది, కొన్ని గంటల పోరులో జావా మాస్టులన్నీ విరిగిపోయాయి. ఇంక తీసుకెళ్ళడానికి పనికిరాదని అమెరికన్లు దానికి నిప్పు పెట్టేశారు. నక్షాలు దానితోనే పోయాయి. మళ్ళీ కొత్త నక్షాలు పంపాల్సి వచ్చింది, పని మొదలవడానికి 1816 అయింది.

నాకు ఈ కథలో ఎప్పుడూ ఒళ్ళు జలదరించేది ఇదీ. ఆ కాన్‌స్టిట్యూషన్ 1797లో నీళ్ళలోకి దిగిన ఓడ, అమెరికాలోని బోస్టన్‌లో ఇంకా తేలుతోంది. నీళ్ళ మీద ఉన్న యుద్ధ ఓడల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పాతది అది. దాని తర్వాతది మన బొంబాయి ట్రింకోమలీ. బ్రిటిష్ వాళ్ళ విక్టరీ అనే యుద్ధ ఓడ వీటికన్నా పాతదే కానీ అది 1922 నుంచి పోర్ట్స్‌మత్‌లో డ్రై డాక్‌లో, అంటే నీళ్ళు తోడేసి ఓడని నిలబెట్టే గుంటలో ఉంది, నీళ్ళలో లేదు. ఎవరి నక్షాలు ఎవరి చేతిలో కాలిపోయాయో, ఆ రెండు ఓడలే చివరికి మిగిలాయి.

దాన్ని కట్టింది పార్శీ వాడియా కుటుంబం. వాడియా అంటేనే గుజరాతీలో ఓడలు కట్టేవాడు అని. ఆ కుటుంబంలో లవ్‌జీ నస్సర్వాన్‌జీ సూరత్ నుంచి బొంబాయికి 1736 ప్రాంతంలో వచ్చాడు, ఆయన కాలంలోనే 1750లో అక్కడ రాతి డ్రై డాక్ కట్టారు. ట్రింకోమలీ కట్టే నాటికి పెద్ద మేస్త్రీ జంషెడ్‌జీ బొమన్‌జీ వాడియా. బ్రిటన్ వెలుపల బ్రిటిష్ నౌకాదళం కోసం కట్టిన మొదటి పెద్ద వరస యుద్ధ ఓడ (వరసలో నిలబడి పోరాడే పెద్ద ఓడ) మిండెన్, 74 ఫిరంగులది, 1810లో ఆయన చేతి మీదే అయింది. 1813లో కార్న్‌వాలిస్ అయింది, దాని మీదే 1842లో చైనాతో నాన్‌కింగ్ సంధి సంతకాలు జరిగాయి. 1824లో అదే డాక్‌యార్డు నుంచి వచ్చిన ఏషియా 1827లో నవరినో యుద్ధంలో సేనాధిపతి ఓడ. ఓడ మొదలుపెట్టేటప్పుడు అడుగుదూలంలో వెండి మేకు కొట్టడం పార్శీల ఆచారం. మన ఇళ్ళకి శంకుస్థాపనలో నవరత్నాలు వేస్తాం కదా, అలాంటిదే.

ట్రింకోమలీ పొడవు 150 అడుగులు, వెడల్పు 40 అడుగులు, ఫిరంగుల లెక్కలో 38 ఫిరంగుల ఫ్రిగేట్. దాదాపు 300 మంది అందులో బతకాలి. పడుకోవడానికి మనిషికి నౌకాదళం కొలిచి ఇచ్చింది 14 అంగుళాల వెడల్పు, సగంమంది కాపలా మీద ఉంటే సగంమంది పడుకునేవారు కాబట్టి ఎలాగో సరిపోయేది. దాని నమూనా మొదట ఫ్రెంచివాళ్ళది. 1782లో బ్రిటిషర్లు పట్టుకున్న హెబె అనే ఫ్రెంచి ఫ్రిగేట్‌ని కొలతలు తీసి, అదే రూపంలో పదుల సంఖ్యలో కట్టుకున్నారు.

మరి లండన్ పక్కన కట్టుకోకుండా బొంబాయిలో ఎందుకు? ఓడలకి వాడే ఓక్ అనే గట్టి కలప దొరక్క. నెపోలియన్‌తో యుద్ధాల్లో ఇంగ్లాండు ఓక్ అడవులు చాలావరకు ఓడలకే పోయాయి. పెద్ద ఓడకి వేల చెట్లు కావాలి, పైగా నిటారు చెట్లు మాత్రమే కాదు, దూలానికీ పక్క చట్రానికీ మధ్య మూలలో పెట్టడానికి సహజంగా వంగిన కొమ్మ మొదళ్ళు కావాలి. ఓక్ ఎదగడానికి వందేళ్ళు. మలబారు టేకు అప్పటికి అందుబాటులో ఉంది.

ఇక "టేకుకి పురుగు పట్టదు" అన్నదాని గురించి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, నీళ్ళు త్వరగా పీల్చదు, కుళ్ళు త్వరగా రాదు, ఎండా వానా మారినా ఎక్కువగా ఉబ్బదు, ముడుచుకోదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఓక్‌లో ఒక రకం ఆమ్లం ఉంటుంది, అది తన ఒంట్లో దిగిన ఇనప బోల్టుని తినేస్తుంది. బయటికి చెక్క బాగానే కనబడుతుంది, లోపల బోల్టు సన్నబడి ఉంటుంది, ఒక తుఫాను రాత్రి సందులు విచ్చుకుంటాయి. టేకు నూనె ఇనుముని కాపాడుతుంది. ఓడ అంటే చెక్కొక్కటే కాదండీ, చెక్కని చెక్కకి పట్టి ఉంచేది ఏదో అదే ఓడ. ఇంజను గదిలో అన్నేళ్ళు బోల్టులు బిగించినవాణ్ణి కాబట్టి ఈ మాట మనసారా చెప్తున్నాను.

ఓడ పురుగు మాత్రం టేకుని పూర్తిగా వదలదు. మెల్లగా తింటుంది, అంతే. అసలు అది పురుగు కాదు, ఆల్చిప్ప జాతి జీవి, చెక్కలో సొరంగాలు తొలుచుకుంటూ పోతుంది, మన కోరంగి మడల్లో పడిపోయిన చెట్ల మొద్దుల్ని విరిచి చూస్తే లోపల తేనెపట్టులా గుల్లగా ఉంటుంది చూడండి, అదే. ఉష్ణ దేశాల నీళ్ళలో దాన్ని ఆపడానికి ఓడ అడుగున మొత్తం రాగి రేకులు కొట్టేవారు. 1780 ప్రాంతంలో బ్రిటిష్ నౌకాదళం తన ఓడలన్నిటికీ ఆ పని చేసింది. నాచు, గవ్వలు పట్టకపోవడం వల్ల వేగం కూడా పెరిగింది. కానీ ఉప్పునీళ్ళలో రాగి పక్కన ఇనుము ఉంటే ఇనుము కరిగిపోతుంది, ఓడ మొత్తం ఒక బ్యాటరీలా పనిచేస్తుంది. కొన్నేళ్ళు దెబ్బలు తిన్నాక నీటి కింద బోల్టుల్ని కూడా రాగి మిశ్రమంతో చేయడం మొదలెట్టారు.

రాగి కూడా కరుగుతూనే ఉండేది. 1824లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త, గనుల్లో వాడే దీపం చేసినాయనే, రాగి రేకులకి జింకు, ఇనుము ముక్కలు తగిలించి చూశాడు. రాగి కరగడం ఆగింది. అందరూ సంతోషించారు. ఓడలు సముద్రానికి వెళ్ళొచ్చేసరికి అడుగంతా గవ్వలు, నాచు! రాగి కొంచెం కొంచెం కరుగుతూ ఉంటేనే ఆ విషానికి గవ్వలు రావు, కరగడం ఆపితే కాపలా కూడా ఆగిపోతుంది. నౌకాదళం ఆ పద్ధతి వదిలేసింది. కానీ ఆయన ఆలోచన చావలేదు. నేను పనిచేసిన ప్రతి ఉక్కు ఓడకీ అడుగున జింకు దిమ్మలు బోల్టు చేసి ఉండేవి, డ్రై డాక్‌కి వెళ్ళినప్పుడల్లా అరిగిపోయిన పాతవి తీసి కొత్తవి వేయించేవాళ్ళం. ఓడ ఉక్కు బదులు జింకు కరిగిపోతుంది. ఆ పద్ధతి చెక్క ఓడల కాలంలో పుట్టిందని తెలిసిన రోజు నాకు చాలా సంతోషమేసింది.

టేకు వల్లే ట్రింకోమలీ మిగిలిందా అంటే, టేకు ఒక కారణం, అదృష్టం ఇంకో కారణం. 1819 ఏప్రిల్ 30న పోర్ట్స్‌మత్ చేరేసరికి నెపోలియన్ యుద్ధాలు అయిపోయి నాలుగేళ్ళు. పని లేదు. మాస్టులు దించి పక్కన పెట్టారు. 1847లో గానీ అసలు ఉద్యోగంలోకి దిగలేదు, అంటే పుట్టిన 30 ఏళ్ళకి. అట్లాంటిక్‌లో మూడేళ్ళు, పసిఫిక్‌లో 1852 నుంచి 1857 వరకు తిరిగి, తర్వాత శిక్షణ ఓడ అయింది. 1897లో పాత ఇనుము కింద పోవాల్సిన సమయంలో ఒకాయన కొని, తన శిక్షణ ఓడ తుఫానులో పోయినందుకు బదులుగా దానికి ఫూద్రొయాంత్ అని ఆ ఓడ పేరే పెట్టి నడిపాడు. 1986 దాకా పిల్లలు దాని మీద ఓడ పని నేర్చుకున్నారు. దాని పక్కనే ఇంప్లాకబుల్ అనే ఇంకో పాత ఓడ ఉండేది, ట్రఫాల్గర్ యుద్ధంలో ఫ్రెంచి వైపు పోరాడిన ఓడ, ఓక్‌ది. మరమ్మతుకి డబ్బు లేదని 1949 డిసెంబరులో సముద్రంలోకి లాక్కెళ్ళి పేలుడు పెట్టి ముంచేశారు. ఆ రెంటిలో ఏది మరమ్మతుకి ఎంత అడుగుతోంది అన్నదాని మీదే ఏది మిగలాలో తేలిపోయిందని నా అభిప్రాయం. ట్రింకోమలీని 1987లో హార్టిల్‌పూల్ తీసుకెళ్ళారు, 1992లో పాత పేరు తిరిగి పెట్టారు, 2001కి మరమ్మతు పూర్తయింది.

మన తీరానికి దీనితో సంబంధం ఏమిటని ఇంకొకరు అడిగారు. ఓడ పేరు చూడండి. త్రికోణమలి శ్రీలంక తూర్పు తీరంలో ఉన్న సహజమైన రేవు. బంగాళాఖాతం పడమటి ఒడ్డున ఆ రోజుల్లో పెద్ద ఓడకి తలదాచుకునే చోటు దాదాపు లేదు. చెన్నపట్నానికి హార్బరు లేదు, ఓడలు దూరంగా లంగరేసి ఉంటే మసూలా పడవలు అలల మీద వెళ్ళి మనుషుల్నీ సరుకునీ తెచ్చేవి. ఆ పడవల పలకల్ని కొబ్బరి నారతో కుట్టేవారు, ఒక్క మేకు ఉండదు, అల కొడితే పడవ ఒళ్ళు విరుచుకున్నట్టు వంగి మళ్ళీ సర్దుకుంటుంది. మేకులు కొట్టిన పడవ అయితే రెండు అలలకే విచ్చిపోతుంది. అక్టోబరు మధ్యకల్లా ఓడలు చెన్నపట్నం వదిలి వెళ్ళిపోవాల్సిందే, ఈశాన్య రుతుపవనం మొదలైతే ఒడ్డుకి కొట్టేస్తుంది, పైన చెప్పిన లెక్క ప్రకారం ఎదురుగాలిలో తప్పించుకునే దారి ఉండదు.

ఆ త్రికోణమలికీ కలకత్తాకీ మధ్య పెద్ద ఓడని డాక్‌లోకి ఎక్కించి మరమ్మతు చేయగలిగిన ఒకే ఒక్క చోటు మన కోరంగి. 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆయన అక్కడ డాక్ కట్టించాడు, బ్రిటిష్ నౌకాదళం ఓడ అల్బట్రాస్‌ని అందులో మరమ్మతు చేశారు. కోరంగి వడ్రంగులు, కోరంగి కళాసీలు బంగాళాఖాతం అంతా తెలిసినవాళ్ళు. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనే పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం వెళ్ళిందో చూడండి. 1789 డిసెంబరులో ఒక ఉప్పెన ఆ ఊరిని ముంచింది, మళ్ళీ లేచింది. 1839 నవంబరు 25న వచ్చినది ఓడల్నీ ఊరినీ తుడిచిపెట్టింది. ఆ తర్వాత గోదావరి తెచ్చిన మట్టికి రేవు పూడిపోయింది, వ్యాపారం కాకినాడకి వెళ్ళిపోయింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన పాత ఓడల లాగ్ పుస్తకాలు, అంటే ఓడలో రోజూ రాసే చిట్టాలు, పోగేసి బంగాళాఖాతం తుఫానుల్ని ఏళ్ళ తరబడి చదివాడు, పాము చుట్టలా తిరుగుతాయని గ్రీకు మాట తీసుకుని 1848లో సైక్లోన్ అనే పేరు పెట్టాడు. తుఫానులో ఏ వైపు ఉంటే ఓడని ఎటు తిప్పాలో తెరచాప కెప్టెన్లకి చెప్పడం కోసమే ఆయన ఆ పనంతా చేశాడు.

ఆవిరి ఓడలు వచ్చి ఇదంతా ఒక్కసారిగా మార్చేశాయని కూడా అనుకోకండి. 1825లో ఎంటర్‌ప్రైజ్ అనే ఆవిరి ఓడ ఇంగ్లాండు నుంచి కలకత్తాకి వచ్చింది, 113 రోజులు పట్టింది, అందులో చాలా రోజులు బొగ్గు ఆదా కోసం తెరచాపల మీదే నడిచింది. తెరచాప ఓడ దారి మధ్యలో దేనికీ ఎవరినీ అడగక్కర్లేదు, మంచినీళ్ళు ఉంటే చాలు. బొగ్గు ఓడకి ప్రతి రేవులో బొగ్గు కావాలి.

నేను హార్టిల్‌పూల్ ఒకే ఒక్కసారి వెళ్ళాను. మా ఓడ ఆ దగ్గర్లోని టీస్‌పోర్ట్ అనే రేవులో సరుకు దించుతుంటే ఒక మధ్యాహ్నం సెలవు దొరికింది, బస్సెక్కి వెళ్ళి చూశాను. పైన తాళ్ళూ మాస్టులూ కొత్తవి, వాటిని చూడటానికే అందరూ నిలబడతారు. నేను కిందికి దిగాను. కింద డెక్‌లో నాకు తల వంచితే గానీ నడక కుదరలేదు, నేను పెద్ద పొడగరిని కూడా కాదు. అక్కడ పక్క చట్రాల్లో చాలావరకు ఇప్పటికీ బొంబాయిలో వేసిన టేకే. చేయి పెట్టి చూశాను, మా ఊళ్ళో దోనీ కట్టే చోట వడ్రంగులు బాడిసతో చెక్కిన పలక తగిలినట్టే తగిలింది, ఆ చిన్న చిన్న చెక్కుడు గుంటలతో సహా.

మీరు ఇంగ్లాండులో ఉంటే టికెట్ కొనుక్కుని వెళ్ళి చూడొచ్చు, అదిప్పుడు నౌకాదళ మ్యూజియంలో భాగం. ఇంకా పైకి స్కాట్లాండు వెళ్ళగలిగితే డండీలో దీని చెల్లెలు యూనికార్న్ ఉంది, 1824 నాటిది. బోస్టన్ వైపు ఉన్న మనవాళ్ళు కాన్‌స్టిట్యూషన్ చూడొచ్చు, అది నేను చూడలేదు. ఎవరైనా వెళ్తే ఒక సహాయం చేయండి, పై డెక్ ఫోటోలు కాదు, కిందికి దిగి దూలం వచ్చి పక్క చట్రానికి కలిసే మూల దగ్గర దగ్గరగా ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఓక్‌లో ఆ అతుకు ఎలా వేశారో, బొంబాయి వాళ్ళు టేకులో ఎలా వేశారో పక్కపక్కన పెట్టి చూడాలని ఎప్పటి నుంచో ఉంది.